ఇస్త్రీ చేసిన కార్డులు

కార్డులు ఇస్త్రీ చేయాలన్న ఆలోచన నాదే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ ఒక్క ముక్క ముందే రాసేస్తే మిగతాది రాయడం తేలిక.

మాది ముప్పై పడకల ఆసుపత్రి. చుట్టూ పొలాలు, మధ్యలో రోడ్డు, రోడ్డు పక్కన మేము. పెద్ద డాక్టరమ్మ ఒక్కరే రోజూ ఉంటారు. అయిదుగురు నర్సులు, ఒక ల్యాబు, ఒక మందుల గది, గుమ్మం పక్కన ఒక కిటికీ. ఆ కిటికీ వెనక మూడేళ్ళుగా నేను కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ళు పేరూ ఊరూ చెప్తే బీరువాలోంచి వాళ్ళ కార్డు తీసివ్వడం, సాయంత్రానికి దాన్ని మళ్ళీ దాని చోట పెట్టడం నా పని. అట్ట కార్డు, అరచెయ్యంత వెడల్పు, జానెడు పొడవు. మొత్తం ఆరు వేల నాలుగు వందల చిల్లర. ఏ ఊరిది ఏ బీరువాలో, ఏ ఇంటిపేరు ఏ అరలో నాకు చూడకుండా తెలుసు. చదువు మాత్రం తొమ్మిదో తరగతి సగంలో ఆగిపోయింది. నాన్న నడుం దెబ్బతిని మంచాన పడితే అమ్మతో పాటు నేనూ పనికి వెళ్ళాను. తర్వాత పెళ్ళి, తర్వాత పాప. బడి దారి మళ్ళీ తొక్కలేదు.

రికార్డులన్నీ కంప్యూటర్లోకి మార్చాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు, ఆ పని ముందుండి నడిపించే మనిషి పేరు రాసి పంపమన్నారు. డాక్టరమ్మ నా పేరు రాసి పంపారు. పెద్ద సిస్టరు ఆ కాగితం చదివి, తొమ్మిదో తరగతి పెత్తనంలో పని చేసే రోజు వస్తుందని తన జాతకంలో ఎవరూ చెప్పలేదంది. డాక్టరమ్మ నవ్వలేదు. నిమిషంలో కార్డు తీసిచ్చేది ఈ పిల్ల ఒక్కతే, మిగతావాళ్ళం మన కార్డు మనమే వెతుక్కోలేమన్నారు.

అంత మాట అన్నాక నాకు నిద్ర పట్టే దారి లేదు. ఏ చిన్న పొరపాటు జరిగినా ఆ కాగితం మీద ఉన్నది నా పేరు.

పని ఇలా సాగేది. కార్డుని స్కానరులో పెడితే అది నోటితో లాక్కుని, ఫోటో తీసుకుని, వెనకనుంచి వదిలేది. ఆ ఫోటో చూసి ఇద్దరు టైపిస్టు అమ్మాయిలు కార్డు మీద రాసి ఉన్నదంతా కంప్యూటర్లో కొట్టేవాళ్ళు. మొదటి రోజే స్కానరు అలిగింది. కార్డు ఏ మూల నలిగి ఉన్నా మింగలేక ఎర్రదీపం వెలిగించి కూర్చునేది. పది కార్డులకి నాలుగుసార్లు ఆగింది. కంప్యూటర్ల కంపెనీ నుంచి వచ్చిన ఆయన, ఈ లెక్కన పై ఏడాదికి పూర్తవుతుందని చెప్పి తన బస్సుకి తను వెళ్ళిపోయాడు.

అప్పుడు నాకు ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చింది. ఆపరేషను గుడ్డలు మడతపెట్టే గదిలో ఒకటి ఉంది. రోజూ సాయంత్రం మరుసటి రోజుకి కావలసిన రెండు వందల కార్డులు అక్కడికి మోసుకెళ్ళి, పైన పల్చటి గుడ్డ పరిచి, ఒక్కొక్కటే చదును చేసేదాన్ని. ఆ గది చూసుకునే ఆయమ్మ తలుపుకి ఆనుకుని నిలబడి, గంజి కూడా పెట్టమంటావా అమ్మాయ్ అని అడిగేది. మధ్యాహ్నం బాలబడి వదిలాక పాప నా దగ్గరే ఉండేది. ఇస్త్రీ పెట్టె తీగ ఎంత సాగుతుందో చూసుకుని, దానికి అవతల ఇంకో రెండు బారలు కొలిచి అక్కడ చాప వేసి కూర్చోబెట్టేదాన్ని. అయినా ప్రతి నాలుగో కార్డుకీ ఒకసారి తలెత్తి చూసుకునేదాన్ని.

స్కానరు మళ్ళీ ఆగలేదు. పై ఆఫీసులో మా ఆసుపత్రి సంగతి గొప్పగా చెప్పుకున్నారట. ఏడు వారాల్లో పని అయిపోయింది. కార్డులో ఉన్నవన్నీ కంప్యూటర్లోకి వచ్చాయా అన్న ప్రశ్న కింద అవును అని గీత కొట్టి అయిదుగురం సంతకాలు పెట్టాం. అందరికంటే పైన నా సంతకం. వచ్చే సోమవారం పై అధికారి వచ్చి కొత్త పద్ధతి మొదలుపెట్టాలి. ఈలోపు శనివారం లారీ వచ్చి పాత కార్డుల్ని కాగితాల మిల్లుకి తీసుకుపోవాలి. కార్డులన్నీ గోనెసంచుల్లోకెక్కి వరండాలో వరుసగా నిలబడ్డాయి.

బుధవారం మధ్యాహ్నం కంపెనీ ఆయన నాకు తెర మీద రికార్డు తెరవడం నేర్పాడు. ఎవరిది తెరవమంటారు అని అడిగితే మా పాప పేరు చెప్పాను. ఎవరైనా అదే చెప్తారు.

పుట్టిన తేదీ ఉంది, బరువులు ఉన్నాయి, వేసిన టీకాలన్నీ ఉన్నాయి. కింద ఒక గడి. పడని మందులు: లేదు.

నేను ఆ మాట రెండుసార్లు చదివాను. పాపకి రెండేళ్ళప్పుడు గొంతు నొప్పికి ఇక్కడే పెన్సిలిన్ మందు పోశారు. గంటలో ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు వాచి, కళ్ళు పూడుకుపోయాయి. ఆ రాత్రంతా ఇదే ఆసుపత్రిలో ఉన్నాం. అప్పటి కాంపౌండరు బాబాయి, ఈ మందు జన్మలో మళ్ళీ పోయకూడదు, కార్డులో గుర్తు పెట్టానులే, దిగులుపడకు అన్నాడు. ఆ మాట నాకు ఎంత బాగా గుర్తుందంటే, ఆయన అప్పుడు ఏ చేత్తో కళ్ళజోడు సర్దుకున్నాడో కూడా చెప్పగలను.

కంపెనీ ఆయన టీకి వెళ్ళాక వరండాలో సంచి విప్పి పాప కార్డు తీశాను. అటూ ఇటూ తిప్పి చూశాను. పెన్సిలిన్ అన్న మాట ఎక్కడా లేదు. ఎర్ర సిరా లేదు, చుక్క లేదు, గీత లేదు. టైపిస్టుల తప్పు కాదు. ఉన్నదే కొట్టారు.

పెద్ద సిస్టరు సూదుల గదిలో పళ్ళెం సర్దుకుంటోంది. పాప సంగతి చెప్పకుండా, ఎవరికైనా పెన్సిలిన్ పడదని మీకెలా తెలుస్తుందక్కా అని మామూలుగా అడిగాను.

ఆమె తలెత్తలేదు. "కార్డు ఎడమ చేత్తో పట్టుకుంటాం కదా. బొటనవేలి కింద మూల మడత తగిలితే ఆ సూది వేయం."

"ఏ మూల?"

"కింద ఎడం వైపు మూల. బాబాయి మడిచేవాడు." అప్పుడు తలెత్తింది. "నీకు తెలీదా? మూడేళ్ళనుంచి కార్డుల్లోనే కాపురం చేస్తున్నావు."

నాకు తెలియదు. కార్డు నేను పైఅంచు పట్టుకుని తీస్తాను, పైఅంచు పట్టుకుని ఇస్తాను. మడతలు వేల కార్డులకి ఉండేవి. నలిగాయనుకున్నాను. నేనొచ్చేసరికే ఆ పద్ధతి పాతబడిపోయి, చెప్పాల్సిన సంగతిగా ఎవరికీ అనిపించలేదు. ఇల్లు ఊడ్చేవాళ్ళకి గడప ఎక్కడుందో ఎవరు చెప్తారు? మేము కూర్చున్న నాలుగు మీటింగుల్లోనూ ఆ మాట రాలేదు. కార్డు మీద రాసింది కాదు గనక టైపిస్టుకి కనపడలేదు. రాయనిది ఏదైనా ఉంటే అది స్కానరులోకి వెళ్ళేలోపే నేను చదును చేసేశాను.

పాప కార్డు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టుకుని చూశాను. కింది ఎడమ మూలలో వెంట్రుకలాంటి గీత ఒకటి కనిపించింది. నేనే చేశాను.

చాలాసేపు ఎవరికీ చెప్పలేదు. అది కూడా రాయాలి. రెండు గంటలపాటు కిటికీ వెనక కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు అడుగుతూ, లోపల వేరే లెక్క వేసుకున్నాను. మా పాప సంగతి నాకు తెలుసు, నేను చెప్పుకుంటాను. మిగతావాళ్ళు తమ సంగతి తాము చెప్పుకుంటారు కదా అనుకున్నాను. ఆ మాట ఎంతోసేపు నిలవలేదు. బాబాయి గుర్తు పెట్టాడన్న ధైర్యంతో మా అత్త ఇప్పటికీ పాపకి ఏ మందు పడదో పేరు నేర్చుకోలేదు. నేను ఊళ్ళో లేనప్పుడు పాపని ఎత్తుకొచ్చేది ఆవిడే. కార్డులో ఉంది కదా అంటుంది. అందరి ఇళ్ళలోనూ అదే అంటారు. సోమవారం నుంచి నర్సు చేతిలో కార్డు ఉండదు. తెర ఉంటుంది. తెర మీద లేదు అని ఉంటుంది.

నాలుగింటికి డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. ఆవిడ పాప కార్డు తీసుకుని కిటికీ వైపు తిప్పి చూశారు. వేలితో తడిమారు.

"ఎన్ని ఇస్త్రీ చేశావు?"

"అన్నీనండి."

"అన్నీనా?"

"కొన్ని రెండుసార్లు."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నేను ఉద్యోగం సంగతి ఎత్తబోయాను. మాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఆవిడ వినలేదు. పదకొండేళ్ళుగా ఇక్కడే సూదులు రాస్తున్నానని, తన చేతికి ఆ మడత ఎన్నిసార్లు తగిలిందో తనకే తెలియదని, సంతకం తనూ పెట్టానని అన్నారు. నాకు ధైర్యం చెప్పడానికి అన్నట్టు లేదు. ఎవరికో వాంగ్మూలం ఇస్తున్నట్టుంది. తర్వాత, "ముందు మడతలు వెతుకు. ఏడుపు తర్వాత చూసుకుందాం" అన్నారు. అప్పటికి నేను ఏడవడం లేదు. ఆ మాట విన్నాక కాస్త ఏడిచాను.

గురువారం సంచులన్నీ మళ్ళీ విప్పాం. భోజనాల గదిలో తూర్పు కిటికీ కింద బల్లలు వేసి, నేను, ఆయమ్మ, టైపిస్టులిద్దరూ, డ్యూటీ దిగిన ఒక నర్సు కూర్చున్నాం. కార్డుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని కింది ఎడమ మూల చూడటం, గీత ఉంటే పక్కన పెట్టడం. అట్ట ఒకసారి విరిగితే ఇస్త్రీ దాన్ని దాచగలదు గానీ అతికించలేదు. ఎండ ఎదురు వైపుకి మళ్ళాక మేమూ బల్లలు మోసుకుని పడమటి వరండాలోకి మారాం. పెద్ద సిస్టరు అటుగా వెళ్తూ, పెళ్ళిచూపులకి కూడా ఇంత పరీక్షగా చూడరంది. ఆ మడత సంగతి నాకు తెలుసనే తను అనుకున్నానని అంతకుముందే రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పకుండా ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

సాయంత్రానికి నాలుగు వందల ముప్పై ఎనిమిది కార్డులు తేలాయి. అన్నీ బాబాయి మడతలే అయ్యుండవు. బీరువాలో తోసేటప్పుడు నలిగినవి, జేబులో పెట్టుకుని నలిపినవి, పిల్లలు నమిలినవి అందులోనే ఉన్నాయి. ఏది గుర్తో ఏది నలుగుడో చూసినవాళ్ళెవరికీ తెలియలేదు. అందరికీ ఉంది అని రాసేద్దామని నేనన్నాను. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. పడేవాళ్ళకి పడదని రాస్తే, రేపు ఆ మందే ప్రాణం నిలబెట్టాల్సిన రోజున అది దక్కకుండా పోతుందన్నారు.

శుక్రవారం పొద్దున్నే మా ఆయన బండి మీద వెళ్ళి కాంపౌండరు బాబాయిని తీసుకొచ్చాడు. పని మానేసి ఏడాదిన్నరైంది. ఒక కంటికి ఆపరేషనైంది, రెండో కంటికి కావాలి. నల్ల కళ్ళద్దాలతో, చేతికర్రతో దిగి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. జరిగిందంతా నేనే చెప్పాను. అడ్డం రాకుండా విన్నాడు.

"అయితే నా ఇరవై రెండేళ్ళ పనినీ చక్కగా ఇస్త్రీ చేసి పెట్టావన్నమాట తల్లీ" అన్నాడు.

"అవును బాబాయ్."

"నా చొక్కాలకి మా ఇంట్లో ఆ భాగ్యం లేదు."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. కార్డు మీద రాస్తే పోయేదానికి మడతలెందుకని పెద్ద సిస్టరు అడిగింది, ఇన్నేళ్ళకి మొదటిసారి. మొదట్లో రాసేవాడినేనన్నాడు. ఎర్ర సిరాతో, పెద్ద అక్షరాలతో రాశాడట. ఒకరోజు రద్దీలో ఎవరూ చదవలేదు. ఒకావిడకి నాలుక వాచి ఊపిరి ఆగినంత పనైంది. "కళ్ళకి తీరిక ఉండదమ్మా. వేలికేం పని? ఊరికే పట్టుకుని ఉంటుంది. అందుకని వేలికి చెప్పాను" అన్నాడు.

కార్డులు చూడటానికి ఆయనకి కళ్ళు అక్కర్లేకపోయాయి. ఒక్కొక్కటే ఎడమ చేతిలోకి తీసుకుని బొటనవేలితో మూల రాసేవాడు. తను మడిచేది వెనక్కి. మడిచి గోటితో గట్టిగా గీసేవాడు. వాటంతట అవి నలిగేవి ముందుకి నలుగుతాయి, అంత పదునుగా ఉండవు. ఇది నాది, ఇది నాది కాదు, ఇది నీ పాపది అన్నాడు ఒక కార్డు పట్టుకుని. చూసి చెప్పాడా, తడిమి చెప్పాడా అని నేను తీసి చూశాను. పాపదే. ఆ గీత చివర చిన్న కొక్కెంలా వంకర ఉంది, ఆ రాత్రి చెయ్యి వణికిందన్నాడు. నాకు తెలియదు. ఆ రాత్రి ఆయన చెయ్యి వణికినట్టు నేను చూడలేదు.

పొద్దుగూకేలోపు లెక్క తేలింది. ఎనభై మూడు ఆయనవి. మూడు వందల నలభై ఆరు కావు. తొమ్మిది కార్డులు మాత్రం ఎటూ తేలలేదు. వాటికి గీత వెనక్కీ ఉంది, ముందుకీ ఉంది. ఆ తొమ్మిదింటినీ మూడుసార్లు తడిమి, మూడోసారి తల అడ్డంగా ఊపాడు. తెలిసినట్టు నటించే వయసు దాటిపోయిందమ్మా అన్నాడు. ఆ తొమ్మిదీ నేను రెండుసార్లు ఇస్త్రీ చేసినవి అయ్యుండాలి.

ఎనభై మూడింటికీ తెర మీద ఉంది అని మార్చాం. పాప గడిలో ఆ మాట నేనే కొట్టాను. రెండు వేళ్ళతో కొట్టేసరికి నిమిషం పట్టింది. ఎందుకైనా మంచిదని ఆ రాత్రి ఇంటికెళ్ళి అత్తకి మందు పేరు నేర్పాను. ఆవిడ రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి సరిగ్గా పలికి, ఇంతోటిదానికి కంప్యూటరెందుకంది.

శనివారం లారీ వచ్చింది. తిప్పి పంపాం. డ్రైవరు ఖాళీ బండితో వెళ్ళడం అపశకునమని గొణిగితే ఆయమ్మ పాత పేపర్ల కట్ట ఒకటి ఎక్కించింది. ఆ రోజంతా తొమ్మిదిమందికి ఫోన్లు చేశాను. ఒకావిడ, తనకి ఆ సూది వేస్తే ఒళ్ళు తెలియకుండా పోయిందని ఠక్కున చెప్పింది. అయిదుగురు పెన్సిలిన్ ఎన్నోసార్లు వేయించుకున్నామని, ఏమీ కాలేదని చెప్పారు. వాళ్ళ మాట నిజమేనని కార్డు మీది తేదీలు కూడా చెప్పాయి. ఒకాయన చనిపోయి ఆర్నెల్లయిందట. వాళ్ళ కోడలు, ఇప్పుడు గుర్తొచ్చామా అంది. తప్పు నాదేనన్నట్టు క్షమించమన్నాను. ఇంకొకామె స్వయంగా నడిచొచ్చి, దద్దుర్లు వచ్చిన మచ్చ ఇదిగో అని మోచేయి చూపించింది. అది వేడినూనె మచ్చలా ఉందని డాక్టరమ్మ అన్నారు గానీ, వివరాలన్నీ అడిగి చివరికి ఉంది అనే రాయించారు.

మిగిలింది ఒక్కరు. ఇటుక బట్టీ పనివాడు, నలభై రెండేళ్ళు. కార్డులో ఫోను నంబరు లేదు. అడ్రసు ఉండాల్సిన చోట బట్టీ పేరు ఉంది.

ఆదివారం మా ఆయనా, పాపా, నేనూ బండి మీద వెళ్ళాం. బట్టీ చల్లారిపోయి ఉంది. ఇటుకలు పేర్చిన చోట గడ్డి మొలిచింది. కాపలా ఆయన మంచం మీద కూర్చుని చేప వల బాగు చేసుకుంటున్నాడు. నేను అడిగిన మనిషి తనకి బాగా తెలుసన్నాడు. వానలకి ముందే కుటుంబంతో సహా వెళ్ళిపోయాడన్నాడు. ఎక్కడికో చెప్పలేదట. మళ్ళీ ఎండలు మొదలయ్యాక రావచ్చు, రాకపోవచ్చు. ఆయనకేదైనా మందు పడదని ఎప్పుడైనా అన్నాడా అని అడిగాను.

"వాడికి పని పడదు, అంతే" అన్నాడు కాపలా ఆయన. తర్వాత నా మొహం చూసి వల కింద పెట్టాడు. "ఏం, ఏదైనా తేడా చేసిందా?"

ఇంకా లేదన్నాను.

సోమవారం తొమ్మిదింటికి కంపెనీ ఆయన వచ్చాడు. గుమ్మానికి అడ్డంగా రిబ్బను కట్టి ఉంది. పదకొండింటికి పై అధికారి వస్తారు. కొత్త పద్ధతి మొదలుపెట్టే కాగితం మీద చివరి సంతకం నాది. నేను ఇటుక బట్టీ ఆయన రికార్డు తెరిచి, పడని మందుల గడి మీద నొక్కాను. కిందకి రెండే మాటలు జారాయి. ఉంది. లేదు.

తెలియదు అన్నది ఎక్కడుందని అడిగాను.

"అది ఉండదు మేడమ్. రెండే."

"మాకు ఒకాయన సంగతి తెలియదండి."

"అయితే లేదు అని వదిలేయండి. ముందే అది పెట్టి ఉంటుంది కదా."

నాకు అది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ముందే పెట్టి ఉంటుందంటే ఎవరు పెట్టారని అడిగాను. ఎవరూ పెట్టరు, కొత్త రికార్డు తెరవగానే అదే వస్తుందన్నాడు. అంటే ఆరు వేల మందికి, ఎవరూ ఎవరినీ అడక్కుండానే, లేదు అని రాసి ఉంది. మడతలు నేను ఇస్త్రీ చేయకపోయినా అలాగే రాసి ఉండేది. నాకు వింతగా అనిపించింది. అయిదు రోజులుగా మోస్తున్న బరువు తగ్గాలి కదా. తగ్గలేదు. ఇంకా పెరిగింది.

మూడో మాట చేర్చమన్నాను. అడిగి తెలుసుకున్నాకే లేదు అని రావాలి, అప్పటిదాకా అందరికీ తెలియదు అనే ఉండాలన్నాను.

"మిగతా పద్నాలుగు ఆసుపత్రులూ ఈ రెండింటితోనే నడుస్తున్నాయి మేడమ్."

"వాళ్ళకేం తెలియదో వాళ్ళకి తెలిసుండదండి."

ఆయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. మార్పు చేయాలంటే పైన రాసి పంపాలని, మూడు వారాలు పడుతుందని, ఈ రోజు మొదలుపెట్టేసి తర్వాత చూసుకుందామని ఆవిడకి చెప్పాడు. డాక్టరమ్మ నా వైపు చూశారు. ఆ గదిలో అందరూ నా వైపే చూస్తున్నారు. అలవాటు లేక చెవులు వేడెక్కాయి. బడిలో లెక్క రాక నిలబడ్డప్పుడు కూడా అలాగే వేడెక్కేవి.

"అయితే మూడు వారాలు కార్డులతోనే నడుపుతాం" అన్నాను. "సంతకం అప్పుడు పెడతాను."

ఆయన ఇంకేదో అనబోయాడు. పెద్ద సిస్టరు అప్పటికే కుర్చీ ఎక్కి రిబ్బను విప్పుతోంది. చిరగకుండా విప్పండక్కా, మళ్ళీ పనికొస్తుందన్నాను. నాకు చెప్పొచ్చావా అంది.

పై అధికారి పదకొండున్నరకి వచ్చారు. డాక్టరమ్మ తలుపు వేసుకుని ఆయనతో అరగంట మాట్లాడారు. బయటికి వచ్చేటప్పుడు ఆయన మొహం బాగోలేదు. నన్ను ఎవరని అడగలేదు, నేనూ చెప్పలేదు. టీ తాగి వెళ్ళిపోయారు. జరిగిందంతా నన్నే రాసివ్వమన్నారని తర్వాత డాక్టరమ్మ చెప్పారు. రెండు పేజీలు రాశాను. తప్పులు దిద్దుతారేమోనని ఎదురుచూశాను గానీ, ఆవిడ చదివి, అలాగే కవరులో పెట్టి అంటించారు. ఉద్యోగం పొడిగింపు కాగితం ఆ నెల రాలేదు. పై నెల వచ్చింది.

మూడు వారాలన్నది ఇరవై ఆరు రోజులైంది. ఆ రోజుల్లో బాబాయి రెండుసార్లు వచ్చి ఎనభై మూడు కార్డుల్నీ మళ్ళీ మడిచాడు. ఇటుక బట్టీ ఆయన కార్డుకి మాత్రం నేను, అడగాలి అని రాసి చీటీ గుచ్చాను.

కొత్త గడి వచ్చాక పద్ధతి మారింది. తెరవగానే అందరికీ తెలియదు అని, పైన పసుపు రంగు పట్టీ వస్తుంది. నర్సు అడిగి మారిస్తే గానీ ఆ పట్టీ పోదు. వరస ఆలస్యమైంది. ఇన్నేళ్ళూ లేని ప్రశ్నలు ఇప్పుడెందుకని జనం విసుక్కున్నారు. ఒక ముసలాయన, నాకు పడనిది మా ఆవిడ ఒక్కతే, రాసుకోండి అన్నాడు. పెద్ద సిస్టరు, ఆ గడి ఇంకా రాలేదు తాతా అంది. మొదటి నెలలో అలా అడుగుతూ పోతుంటే బాబాయి మడతల్లో లేనివాళ్ళు పదిహేడుమంది బయటపడ్డారు. వేరే ఊళ్ళలో, వేరే ఆసుపత్రుల్లో పడనివాళ్ళు. బాబాయికి ఆ అంకె చెప్పాను. ఆయన చాలాసేపు తన బొటనవేలు చూసుకున్నాడు.

రెండోసారి లారీ వచ్చినప్పుడు సంచులన్నీ ఎక్కించాం, ఒక్క కార్డు తప్ప. చీటీ గుచ్చిన ఆ కార్డు నా బల్ల సొరుగులో ఉంది. ఉంచడానికి రూలు ఒప్పుకోదని కంపెనీ ఆయన ఫోనులో చెప్పాడు. సరేనన్నాను.

ఎండలు మొదలై పదిరోజులైంది. బట్టీలో పొగ కనపడుతోందని మా ఆయన చెప్పాడు. నిన్న ఎర్రమట్టి కాళ్ళతో ఒక మనిషి వరసలో నిలబడ్డాడు. నేను పేరు అడగకుండానే, మీకు ఏదైనా మందు పడదా అని అడిగాను. నేను ఎదురుచూస్తున్న మనిషి ఆయన కాదు. తన చెల్లెలి కోసం వచ్చాడు. అయినా ఆలోచించి, నాకు తెలియదమ్మా, ఇంతవరకు ఎవరూ అడగలేదు అన్నాడు.

చెల్లెల్ని తీసుకొచ్చి కూర్చోబెట్టమన్నాను.